పలమనేరు తోటలో పండ్ల వైనరీ పెడితే రోజు ఎలా గడుస్తుంది? తాండ్ర షెడ్డు నడిపే ఇంటి నుంచి జవాబు

మీరు అడిగింది ఇది: భార్యాభర్తలిద్దరూ బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నారు. పలమనేరు దగ్గర నాన్నగారి మామిడితోట ఉంది, గట్ల మీద నేరేడు చెట్లున్నాయి. ఆ పండ్లతో ఇంటివాళ్లే నడుపుకునే చిన్న వైనరీ పెట్టి ఊళ్లోనే బతకాలనుకుంటున్నారు. పెద్దవాళ్లిద్దరు, బడికెళ్లే పాప ఉన్న ఇంటికి ఆ జీవితం కుదురుతుందా, రోజు ఎలా గడుస్తుంది అని.

నేను వైన్ చెయ్యను. బంగారుపాళెం వైపు మా తోటలోనే షెడ్డు వేసుకుని మామిడి తాండ్ర, స్క్వాష్, జామ్ చేస్తాం. నేను, మా ఆయన, మా అత్త, సీజన్‌లో ఊళ్లోని ఆడవాళ్లు కొందరు. కానీ పండు చెట్టు దిగినప్పటి నుంచి గుజ్జు అయ్యేదాకా మీ పనీ మా పనీ ఒకటే. ఆ తర్వాత మేం పొయ్యి వెలిగిస్తాం, వైన్‌వాళ్లు ఈస్ట్ వేస్తారు. కాబట్టి రోజు గురించి నేను చెప్పేది మీకు పనికొస్తుంది. వైన్ గురించి తెలిసినంత ముందే చెప్పేస్తాను.

మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా వైన్ చెయ్యడం నేరం. ఇంట్లో తాగడానికి నాలుగు సీసాలే చేసుకున్నాం అన్నా చట్టానికి పట్టదు. లైసెన్స్ వచ్చినా మీరు తోట దగ్గర బల్ల వేసి అమ్ముకోవడం అనుకున్నంత సులువు కాదు, హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. పైగా ఈ సరుకు మీద పాలసీ నిలకడగా ఉండదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో తీసేశారు. 2019లో దుకాణాలు ప్రభుత్వం నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకిచ్చారు. ఏది మంచిదన్న చర్చ నాకొద్దు. వైనరీ మీద పెట్టిన డబ్బు తిరిగొచ్చేలోపు ఒక ఎన్నిక తప్పకుండా వస్తుంది, అంతవరకు లెక్కేసుకోండి. కర్ణాటకలో 2007 నుంచి వైన్ పాలసీ ఉంది, నిజమే. అది ప్రధానంగా ద్రాక్ష కోసం పెట్టింది, మీ తోటేమో సరిహద్దుకు ఇవతలుంది.

మామిడితో వైన్ అవుతుందా అంటే బాగానే అవుతుంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగం వాళ్లు మన మామిడి రకాలతో వైన్ చేసి 2005లోనే పరిశోధనా పత్రం వేశారు. లెక్క కూడా సులువే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. మన తోతాపురి గుజ్జు 14, 15 బ్రిక్స్ (అంటే రసంలో దాదాపు అన్ని శాతం చక్కెర) ఉంటుంది కాబట్టి చక్కెర కలపకుండా ఏడెనిమిది శాతం దగ్గర ఆగుతుంది. ఇబ్బంది వేడితో వస్తుంది. పండ్ల వైన్ మంచి వాసనతో రావాలంటే పులిసే తొట్టి పాతిక డిగ్రీల దగ్గరుండాలి. పులిసేటప్పుడు అది తనంతట తాను కూడా వేడెక్కుతుంది. మొగిలి ఘాట్ ఎక్కాక మీ పలమనేరు మాకంటే చల్లనే, అయినా మే, జూన్ నెలల్లో చల్లబరిచే ఏర్పాటు లేకుండా కుదరదు. అంటే రాత్రింబవళ్లు కరెంటు, దానికి జనరేటర్.

ఇంకొకటి, ఎవరూ ఆలోచించనిది. మన రోడ్డు మీద పోయే కార్లలో ఎక్కువ భాగం బెంగుళూరు నుంచి కాణిపాకం, తిరుపతి వెళ్లేవి. మాకు చిల్లర అమ్మకం వాళ్లతోనే. తాండ్ర కొని డిక్కీలో వేసుకుని కొండెక్కుతారు. వైన్ సీసా అయితే అలిపిరి తనిఖీ దగ్గరే ఆగిపోతుంది. పోయేటప్పుడు కొనరు, వచ్చేటప్పుడు మొక్కు తీర్చుకున్న మనసుతో అసలే కొనరు.

ఇక మీరు అసలు అడిగిన సంగతి.

మా ఏడాదిలో రెండు కాలాలే. మే నడిమి నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా పండు కాలం, మిగతాదంతా అమ్మే కాలం. మొదటిదాంట్లో నిద్ర ఉండదు, రెండోదాంట్లో డబ్బు చేతికి రాదు. బేనీషా (బంగినపల్లి), ఖాదర్ ముందు వస్తాయి, జూన్‌లో తోతాపురి అందుకుంటుంది, చివర నీలం. నేరేడు కూడా జూన్, జూలైల్లోనే వచ్చి పడుతుంది, మామిడి ఊపులో ఉన్నప్పుడే. నేరేడు రాలిన పూటే చూసుకోవాలి. మరుసటి రోజుకు ఉంచితే చీమలపాలు. మీ గట్టు మీద చెట్లెన్ని ఉన్నా, మామిడి పని చేస్తూ నేరేడు ఏరే మనిషి వేరే ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

సీజన్‌లో రోజు తెల్లారకముందే గడ్డి దగ్గర మొదలవుతుంది. సొన కారిపోయేలా కాసేపు బోర్లించి ఆరబెట్టిన కాయను వరిగడ్డి మీద ఒకటి రెండు వరసలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పి మాగబెడతాం. వేడిని బట్టి ఐదు నుంచి ఎనిమిది రోజులు. కార్బైడ్ నిషేధం, దాని జోలికి పోవద్దు. ఎథిలిన్ గ్యాస్‌కు 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) దాకా అనుమతి ఉంది, దానికి వేరే గది కట్టాలి. నిషేధం సంగతి పక్కన పెట్టినా కార్బైడ్ కాయ మన పనికి దండగ. తొక్క పసుపురంగుకు తిరుగుతుంది గానీ లోపల తీపి దిగదు. బ్రిక్స్ మీటర్ మీద ఒక చుక్క వేస్తే బండారం బయటపడుతుంది.

తోతాపురి విషయంలో రంగును నమ్మకూడదు. బాగా మాగిన కాయ కూడా భుజాల మీద ఆకుపచ్చగా ఉండొచ్చు. మా అత్త చేసేది చూస్తే మీకు అర్థమవుతుంది. కాయను అరచేతిలో పడుకోబెట్టి, ముక్కు దగ్గర, అంటే కాయ కొస చిలకముక్కులా వంగిన చోట, బొటనవేలితో మెల్లగా ఒత్తుతుంది. వేలు గుర్తు ఉండీ లేనట్టు పడితే ఆ పూట గుజ్జుకు. అసలు పడకపోతే తిరిగి గడ్డిలోకి. తర్వాత తొడిమ దగ్గర వాసన చూస్తుంది. అక్కడ చుట్టూ నల్లబడి పులిసిన వాసన కొడితే కాయ మొత్తం బాగున్నా పశువుల కుప్పలోకి వేస్తుంది. తొడిమ కుళ్లు అక్కడే మొదలై లోపల్లోపలే దిగుతుంది, పైకి కనిపించేసరికి పక్క కాయలకు అంటుకుని ఉంటుంది. అలా ప్రతి కాయా రోజూ ఒకసారి చేతిలోకి రావాల్సిందే. కోసిన రోజే 52 డిగ్రీల వేడి నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచితే నల్లమచ్చ తెగులు చాలావరకు ఆగుతుంది. థర్మామీటర్ లేకుండా చెయ్యి పెట్టి చూసి ఆ పని చెయ్యకండి. రెండు డిగ్రీలు తక్కువైతే లాభం లేదు, ఎక్కువైతే తొక్క ఉడుకుతుంది.

పులిసిన వాసన వచ్చిన పండు ఎలాగూ వైన్‌కే కదా అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. తనంతట తాను పులిసిన పండులో ఈస్ట్‌తో పాటు వినెగర్ చేసే బ్యాక్టీరియా కూడా చేరి ఉంటుంది. మాకు పనికిరాని పండు మీకూ పనికిరాదు. ఇది ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. లేకపోతే పాడైందంతా వైన్ డ్రమ్ములో పడేసే అలవాటు మొదలవుతుంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది, మిషన్ల ధరలు అడిగే ముందు మీ ఇంట్లో ఎవరి ముక్కును నమ్మాలో తేల్చుకోండి. ఇద్దరు ముగ్గురు తలో మాట చెబితే గడ్డి దగ్గరే పేచీ పెట్టుకుని కూర్చుంటారు, అక్కడ పండు ఆగదు. ఆ ఒక్కరికి జ్వరమొచ్చినా ఆ పూట పని తడబడుతుంది. మా ఇంట్లో మా అత్త చూసిందంటే మా ఆయన కూడా నోరెత్తడు.

కూలికి వచ్చేవాళ్లు ఏడుకల్లా వస్తారు. క్లోరిన్ నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో ఒకసారి కాయ కడిగి, తొక్క తీసి, చెక్కలు కోసి, గుజ్జు తీసే మిషన్ (పల్పర్)కు వెయ్యాలి. ఈ రెండు నెలలూ ఆడవాళ్ల చేతులు చూడలేం. సొన తగిలిన చోట చర్మం కాలినట్టు నల్లబడి పొరలు లేస్తుంది, గోళ్ల సందులు పసుపు నలుపు కలిసి ఉంటాయి. గ్లవుజులు ఇస్తే కత్తి జారుతోందని తీసేస్తారు. పల్చటి కాటన్ గ్లవుజు లోపల, రబ్బరుది పైన వేసుకుంటే జారదు, వేడి కూడా తక్కువ. రెండు వారాలు అలవాటయ్యాక మళ్లీ తియ్యరు. పొద్దున పని మొదలుపెట్టే ముందు, సాయంత్రం కడుక్కున్నాక కొబ్బరినూనె గిన్నె గుమ్మం దగ్గరే పెడతాం. మీకు ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు. జూన్‌లో మనిషి దొరికేది ఇలాంటి వాటితోనే. ఆ నెలలో ర్యాంపుల (కాయ కొని లారీలకెక్కించే యార్డుల) దగ్గర లోడింగుకు, గుజ్జు ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు ఊళ్లకు ఊళ్లే వెళ్లిపోతాయి. ఫ్యాక్టరీ ఇచ్చే కూలికి మనం పోటీ పడలేం. ఇంటికి దగ్గర, పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చు, మధ్యాహ్నం అన్నం మనదే, చేతులు పాడవవు. ఇవే మన దగ్గరున్న బలాలు.

మే నెలలో గంగజాతర రోజుల్లో ఎవరినీ పిలవకండి. తిరుపతి, చిత్తూరు, కుప్పం, చుట్టుపక్కల పల్లెలు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జాతర తేదీ తెలిశాకే బేనీషా కోత తేదీ పెట్టుకుంటాం. పిలిచినా రారు, వచ్చినా మనసు ఇక్కడుండదు, అడిగినందుకు మనమే చెడ్డవాళ్లమవుతాం.

గుజ్జు తీసిన తర్వాత గంటలు లెక్కబెట్టుకోవాలి. మన ఎండకు పొయ్యి ఎక్కించకుండా పూటంతా ఉంచితే సాయంత్రానికి గిన్నె అంచున బుడగలు కనిపిస్తాయి. వైన్ మొదలైనట్టే, మనం అడక్కుండానే. మేం వెంటనే 85, 90 డిగ్రీలకు తెస్తాం. ఆ వేడికి ఈస్ట్ చస్తుంది, రంగు మార్చే ఎంజైములు ఆగుతాయి. బాగా మాగిన తోతాపురిలో పులుపు తగ్గి పీహెచ్ పెరుగుతుంది, అందుకని సిట్రిక్ యాసిడ్ కలిపి 4కు కిందికి తెచ్చుకుంటాం. పీహెచ్ మీటర్ ఖరీదైందేమీ కాదు. నాలుకతో పులుపు చూసి సీసా మూత బిగించే వాళ్లను చూశాను, ఆ ధైర్యం మనకొద్దు.

స్క్వాష్ లెక్క అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. నిబంధన ప్రకారం పండు కనీసం పాతిక శాతం, కరిగిన ఘనపదార్థం కనీసం 40 శాతం ఉండాలి. కిలో గుజ్జుకు కిలోన్నర చక్కెర, కిలోన్నరకు కాస్త తక్కువ నీళ్లు, 40 గ్రాముల సిట్రిక్ యాసిడ్ వేస్తే నాలుగు కిలోల స్క్వాష్ వస్తుంది. పొటాషియం మెటాబైసల్ఫైట్ వేస్తే సల్ఫర్ డయాక్సైడ్ 350 పీపీఎం దాటకూడదు. ఆ పొడిలో బరువుకు సగం పైచిలుకు మాత్రమే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది కాబట్టి నాలుగు కిలోలకు రెండు గ్రాములు సరిపోతుంది, ఎక్కడా గీత దాటదు. నేరేడుకు మాత్రం ఇది వెయ్యొద్దు, ఆ ఊదా రంగంతా వెలిసిపోతుంది. దానికి సోడియం బెంజోయేట్, బెంజోయిక్ యాసిడ్ లెక్కన 600 పీపీఎం లోపు. చిటికెడు, గుప్పెడు అనే కొలతలు షెడ్డులోకి రానివ్వకండి. గ్రాములో పదోవంతు చూపించే తక్కెడ కొనండి.

తాండ్ర గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మా రోజును నడిపేది అదే. గుజ్జులో చక్కెర కలిపి 25, 30 బ్రిక్స్‌కు తెచ్చి, పల్చగా నెయ్యి రాసిన ట్రేలో గరిటె వెనకతో పరుస్తాం. పొర మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. దానికంటే మందం వేస్తే పైన చర్మం కట్టి లోపల తడి ఇరుక్కుంటుంది, పది రోజులకు అక్కడే బూజు లేస్తుంది. వేలు ఆనిస్తే అంటుకోకుండా, అలాగని ఎండిపోయి అంచులు లేవకుండా ఉన్నప్పుడు రెండో పొర పొయ్యాలి. అంచు లేచిందంటే ఆలస్యమైపోయింది, ఆ పొర కింది దాంతో కలవదు, కోసినప్పుడు పుస్తకం పేజీల్లా విడిపోతుంది. ఎండ బాగుంటే రోజుకు ఒక పొర, గట్టి ఎండ అయితే రెండు. సెంటీమీటరు దాటి మందం వచ్చాక, తేమ 15 నుంచి 20 శాతం మధ్య ఉండగా కోసి బటర్ పేపర్లో చుడతాం. ఆత్రేయపురం వైపు చాపల మీద పోస్తారు, ఆ చాప గీతలు తాండ్ర మీద పడితేనే వాళ్ల కొనుగోలుదార్లకు నమ్మకం. మన వైపు అడిగేవాళ్లకు నున్నగా ఉండాలి.

ఈ పని వల్ల మధ్యాహ్నం రెండు తర్వాత ఇంట్లో అందరి చూపూ ఆకాశం మీదే ఉంటుంది. మన జిల్లాకు పెద్దవాన అక్టోబరు వచ్చాకే గానీ, జూన్, జూలై సాయంత్రాల్లో మబ్బు పట్టి పది నిమిషాలు కొట్టి పోతుంది. ట్రేలు తడవడానికి ఆ పది నిమిషాలే చాలు. ఆడి (ఆషాఢం) నెల గాలికి దుమ్ము వేరే. దోమతెర ఫ్రేములు వేసినా సన్నటి దుమ్ము దూరుతుంది. తేనెటీగలు, చీమల సంగతి చెప్పక్కర్లేదు. పాలికార్బనేట్ సోలార్ డ్రయ్యర్ పెట్టుకున్నాక సగం టెన్షన్ పోయింది. మబ్బు రోజులకు ట్రే డ్రయ్యర్, 60 డిగ్రీల దగ్గర. లేబుల్ డిజైన్, సీసా ఆకారం మీద డబ్బు పెట్టే ముందు డ్రయ్యర్ మీద పెట్టండి. బెంగుళూరు నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తారు, ఏమీ అనుకోవద్దు.

ధర చెప్పగానే ఇంతా అంటారు. వాళ్లకు ఈ లెక్క చెప్పండి. వంద కిలోల తోతాపురికి గుజ్జు యాభై, యాభై ఐదు కిలోలు. అందులో ఏడెనిమిది కిలోల చక్కెర పోసి ఆరబెడితే తాండ్ర పద్దెనిమిది కిలోలు తేలుతుంది. చక్కెర అసలు వద్దంటే తొమ్మిది, పది కిలోలే. మిగిలిన తొక్క, టెంక నలభై ఐదు కిలోలకు పైనే, దాన్ని ఎత్తెయ్యడం ఇంకో పని. తొక్కను ఆవులకు కొంచెం కొంచెంగానే వెయ్యాలి, ఒకేసారి గంప నిండా పెడితే కడుపు చెడి పాలు తగ్గుతాయి. టెంకలు షెడ్డు వెనక పోస్తే మూడో రోజుకు ఈగలతో ఊరంతా మన మీదికి వస్తుంది. గొయ్యి దూరంగా తీసి, రోజూ మట్టి కప్పాలి.

మీది పలమనేరు కాబట్టి ఏనుగుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. కౌండిన్య అడవి అంచున తోట ఉంటే, మాగిన పండు గుట్టలుగా ఉన్న షెడ్డు వాటిని చేతులారా పిలిచినట్టే. మాగబెట్టే గదికి గట్టి గోడలు, తలుపు ఉండాలి. తోట మధ్యలో రేకుల పందిరి కింద గడ్డి పరిచే ఆలోచన ఉంటే మానుకోండి. వీలైతే ఆ గది ఊళ్లోని ఇంటి దగ్గరే పెట్టుకోండి.

సాయంత్రం కూలీలు వెళ్లిపోయాక ఇంటివాళ్ల పని మొదలవుతుంది. అది కడగడం. ఈ వ్యాపారంలో సగం పని కడగడమే, వైనరీలో ఇంకా ఎక్కువ. పల్పర్ జల్లెడ తడిమీదే కడగాలి. అన్నం తిని వచ్చి కడుగుదామంటే పీచు రంధ్రాల్లో బిగుసుకుని తెల్లారి వైర్ బ్రష్‌తో గంట పోరాడాలి. నేల, గోడలు, ట్రేలు, బకెట్లు, చివరికి చెప్పులు కూడా. తర్వాత పుస్తకంలో రాసుకోవడం: ఏ చెట్టు కాయ, ఎప్పుడు కోసింది, బ్రిక్స్ ఎంత, ఏ సీసాకు ఏ బ్యాచ్ నంబరు. ఇది పడుకునే ముందే రాయాలి, మర్నాడు గుర్తుండదు. ఫుడ్ సేఫ్టీవాళ్లు వచ్చినా, ఎవరైనా సీసా పొంగిందని ఫోన్ చేసినా ఆ పుస్తకమే మనల్ని కాపాడేది.

కరెంటు గురించి ఒక మాట. తోట బోరుకు వచ్చే తొమ్మిది గంటల వ్యవసాయ కరెంటు మీద పల్పర్ నడపడం చట్టవిరుద్ధం. షెడ్డుకు వేరే కనెక్షన్ తీసుకోండి, దానికి పట్టే సమయం లెక్కేసుకుని జనవరిలోనే దరఖాస్తు పెట్టండి.

ఆగస్టు తర్వాత జీవితం వేరు. పొద్దున్నే లేచే పని లేదు, సరుకు గదినిండా ఉంది, చేతిలో డబ్బు లేదు. చక్కెర, సీసాలు, కూలి అన్నీ మే, జూన్, జూలైల్లో కట్టేస్తాం, అమ్మకం డబ్బు సంక్రాంతి దాకా నెమ్మదిగా వస్తూ ఉంటుంది. అందుకే అప్పు తీసుకునేటప్పుడు షెడ్డుకు తగ్గించి వర్కింగ్ క్యాపిటల్‌కు పెంచుకోండి. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో వచ్చిన కేంద్ర పథకం, పీఎంఎఫ్ఎంఈ, పెట్టుబడి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఇస్తుంది, బ్యాంకు లోనుతో ముడిపెట్టి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా ఉద్యానశాఖలో కనుక్కోండి. అది వచ్చినా మిషన్లకే, చక్కెర మూటకు రాదు. సబ్సిడీ ఉంది కదా అని అవసరానికి మించిన పల్పర్ కొని, దానికి తగ్గ కాయ కోసం అప్పు చేసిన వాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు.

దుకాణాలకు వేస్తే అరువు తప్పదు. ఒక నగరంలోని పెద్ద షాపు మా సరుకంతా అమ్ముకుని డబ్బు ఏడాది పైన ఆపింది. ఫోన్ చేస్తే అకౌంట్స్ మనిషి లేడంటారు. ఆ తర్వాత మా పద్ధతి ఒకటే, ముందు వేసిన దానికి డబ్బు చేతిలో పడ్డాకే రెండో బాక్సు. అలా అన్నందుకు కొన్ని షాపులు వద్దన్నాయి. మిగిలినవి ఇప్పటికీ సరిగ్గా ఇస్తున్నాయి. రోడ్డు పక్క బల్ల మీద అమ్మేది తక్కువే గానీ, ఆ డబ్బు అప్పుడే వస్తుంది, ఇంటి ఖర్చు దాంతోనే. కాణిపాకంలో చవితి బ్రహ్మోత్సవాల రోజుల్లో బల్ల దగ్గర ఇద్దరు ఉండాలి.

షెడ్డు ఏడాది పొడుగునా నడవాలంటే చలికాలంలో జామ, ఉసిరి, తర్వాత చింతపండు చూసుకోవచ్చు. జామ జెల్లీ మీలాంటి కొత్తవాళ్లకు మంచి మొదలు, దానిలో పెక్టిన్ ఉంటుంది కాబట్టి తనే గడ్డకడుతుంది. సీతాఫలం జోలికి మొదట్లో వెళ్లకండి. వేడి చేస్తే గుజ్జు చేదెక్కుతుంది, దానికి ఫ్రీజర్ వ్యవహారం కావాలి.

తోటలో కాసిందంతా షెడ్డులోనే అవ్వాలని కూడా అనుకోకండి. మా కాయలో ఎక్కువ భాగం ఇప్పటికీ ర్యాంపుకే వెళ్తుంది. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించారు, గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఆ ఏడాది చాలామంది నాకు ఫోన్ చేసి కాయంతా తాండ్ర చేసుకోండి, లాభం కదా అన్నారు. మా ట్రేలు, మా చేతులు ఎన్నున్నాయో అంతే చెయ్యగలం. ర్యాంపు ధర పడితే తాండ్రకు గిరాకీ పెరగదు. షెడ్డు తోటకు బీమా అనుకోవద్దు. రెండింటి నష్టాలూ వేరు.

ఇంట్లోవాళ్ల గురించి అడిగారు. పెద్దవాళ్లిద్దరూ ఉన్నారంటే అది మీకు కలిసొచ్చేదే, కానీ వాళ్లను కూర్చోబెట్టి చేయించే పని ముందే చూసుకోండి. గడ్డి తిరగెయ్యడం నడుం వంచి చేసే పని, ఎత్తుగా చెక్క ర్యాకులు కొట్టిస్తే మీ నాన్నగారు నిలబడే చూడొచ్చు. అమ్మగారికి పొయ్యి దగ్గర పని ఇవ్వకండి, మరిగే గుజ్జు చిట్లి మీద పడితే చక్కెర పాకం లాగే అంటుకుని కాలుస్తుంది. లేబుళ్లు, లెక్క, ఫోన్లు పెద్దవాళ్లు బాగా చేస్తారు. పాప బడి జూన్‌లో తెరుస్తారు, మీ పని మంటల్లో ఉండేదీ అప్పుడే. ఆ రెండు నెలలు పిల్లను పొద్దున తయారుచేసి పంపే బాధ్యత మీ ఇద్దరిలో ఎవరిదో ఒప్పందం చేసుకోండి. మా ఇంట్లో అది మా ఆయనది, జడ కూడా ఆయనే వేస్తాడు, వంకరగా.

ఇద్దరూ ఒకేసారి ఉద్యోగం మానెయ్యొద్దు. ఒకరు ఒక సీజన్ ఎక్కడైనా ఇలాంటి షెడ్డులో పనిచెయ్యండి, జీతం లేకపోయినా ఫరవాలేదు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో పండ్ల ప్రాసెసింగ్ మీద శిక్షణ ఇస్తారు, మీకు దగ్గరే. మొదటి ఏడాది ఆహార భద్రత కింద బేసిక్ రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టొచ్చు. మేం తీసుకున్నప్పుడు ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపు వాళ్లకు అది సరిపోయేది, ఫీజు ఏడాదికి వంద రూపాయలు. వైన్ మీద మనసు అప్పటికీ పోకపోతే, పండు పట్టుకోవడం, కడగడం, లెక్క రాయడం చేతికొచ్చి ఉంటాయి కాబట్టి ఎక్సైజ్ ఆఫీసు మెట్లు అప్పుడెక్కండి.

వీటన్నిటికంటే ముందు మీ బోరు నీళ్లు ఒకసారి ల్యాబులో ఇవ్వండి. మన వైపు లోతు బోర్లలో ఉప్పు, గట్టిదనం ఎక్కువ. రోజంతా కడగడానికి, పొయ్యి మీద పాత్రలకు, వైన్ అయితే తొట్టికి కూడా ఆ నీళ్లే. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), ఫ్లోరైడ్, గట్టిదనం ఎంతొచ్చాయో ఇక్కడ రాస్తే ఆర్వో కావాలా, మామూలు ఫిల్టర్ చాలా అన్నది చెప్తాను. పల్పర్ ఎంత సైజుది తీసుకోవాలన్నది దాని తర్వాత.